చిన్నాసుపత్రికి ఒక ప్రతి

పదకొండు కావస్తున్నా వరస ముప్పైఎనిమిదో చీటీ దగ్గరే ఉంది. వరండాలో ఇంకా పాతికమందికి పైగా ఉన్నారు. బెంచీ మీద చోటు దొరికినవాళ్ళు లేస్తే పోతుందని దాహం కూడా దిగమింగుకుని కూర్చున్నారు. దొరకనివాళ్ళు గోడకి చేరగిలబడి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నారు.

డాక్టరు రాని రోజు అది. ఆ మునిసిపల్ వార్డు చిన్నాసుపత్రికి డాక్టరు వారానికి మూడు రోజులే వస్తాడు. అందుకే జనం ఆయనకి మూడురోజుల డాక్టరని పేరు పెట్టుకున్నారు. మిగతా మూడు రోజులూ జ్వరానికీ, దగ్గుకీ, గాయానికీ, కడుపుతో ఉన్నవాళ్ళ బరువు చూడ్డానికీ, పసిపిల్లల టీకాలకీ నర్సు ఒక్కతే దిక్కు. ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ వీధుల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి సూది ఆమె చేతిమీదుగానే పడింది కాబట్టి, ఊహ తెలిసిన పిల్లల దగ్గర్నించి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ ఆమె సూదమ్మ.

"తాతా, ముప్పైతొమ్మిది పిలువు," అని లోపల్నించి కేకేసింది.

"ముప్పైతొమ్మిది ఇంటికెళ్ళిపోయాడమ్మా," అన్నాడు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని చీటీలిచ్చే తాత. "నీ దగ్గరికొచ్చేలోపల జ్వరం దానంతటదే తగ్గిపోయిందట."

వరండాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. సూదమ్మకి నవ్వే తీరిక లేదు. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్న కుర్చీలోంచి ఇంతవరకూ లేవలేదు. నలభయ్యో చీటీ గుమ్మంలోకి వచ్చేలోగా బయట సామాన్ల ఆటో ఒకటి గుర్రుమంటూ వచ్చి మెట్లకి ఆనుకుని ఆగింది.

వెనకాల రంగు డబ్బాల మధ్య, మడతపెట్టిన టార్పాలిను మీద ఒక మనిషిని కూర్చోబెట్టి ఇద్దరు చెరోపక్కా పట్టుకున్నారు. వాళ్ళకంటే ముందు దిగి పరిగెత్తుకొచ్చినావిడ మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆటోలో ఉన్న రంగుల మేస్త్రీ భార్య ఆమె. బజార్లో దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది కాబట్టి వీధికంతా కాజాల వదిన.

"సూదమ్మా! మీ అన్నయ్యని చూడు. రక్తం కక్కుకున్నాడు!"

రంగుల మేస్త్రీని కిందికి దించి బల్ల మీద పడుకోబెట్టారు. గోడలకి లప్పం పెట్టే మనిషి మొహానికే లప్పం పెట్టినట్టుంది. సూదమ్మ నాడి పట్టుకుంది. దారంలా సన్నగా, హడావిడిగా పరిగెడుతోంది. చొక్కా చేతులు పైకి లాగితే మోచేతుల దగ్గర అరచెయ్యంత వెడల్పున నల్లగా కమిలిపోయిన మచ్చలు.

"ఇవెప్పట్నించి వదినా?"

"మొన్నట్నించి. నిచ్చెన తగిలిందేమో అనుకున్నాం."

"దొడ్డికి ఎలా వెళ్తున్నాడు?"

"నల్లగా. తారులాగా. నిన్న చెప్పాడు నాకు." కాజాల వదిన కొంగుతో అతని మూతి తుడిచింది. "వాంతి కూడా అట్లాగే. టీ పొడి కలిపిన నీళ్ళలాగా."

"ఏం బిళ్ళలు వేసుకుంటున్నాడు?"

"నువ్విచ్చినవే కదమ్మా, భుజం నొప్పికి. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఒక్క పూట తప్పనివ్వలేదు నేను."

సూదమ్మ బల్ల మీదున్న పెద్ద రిజిస్టరు లాక్కుని నాలుగు పేజీలు వెనక్కి తిప్పింది. ఆమె రాతే. మగ, నలభైనాలుగేళ్ళు. కుడి భుజం నొప్పి. నొప్పి బిళ్ళలు పది. పక్కనే అంచులో, హడావిడిగా, సగం అక్షరాలతో: పె.ఆ. మందులు.

అంతా కళ్ళకి కట్టింది. ఆ రోజు వచ్చినవాళ్ళు డెబ్భైఒక్కరు. ఒక పెద్ద మేడలో వారం రోజులు తల పైకెత్తి స్లాబు కింద రంగు వేశాడట, చెయ్యి లేవటం లేదన్నాడు. వేరే మందులేమైనా వాడుతున్నావా అన్నయ్యా అని అడిగింది. అడగలేదనటానికి లేదు. "పెద్దాసుపత్రి బిళ్ళేదో ఉంది, గుండెకి. రెండేళ్ళ కిందట వాల్వు వేశారు కదా," అన్నాడు. ఏం బిళ్ళ అంటే, "పేరు నాకేం తెలుసమ్మా, ఫైలు వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు," అన్నాడు. అంతలో బయట ఎవరి పిల్లాడో గుక్కపట్టి ఏడవటం మొదలెట్టాడు. ఆ రెండు పొట్టి అక్షరాలూ అంచులో గీకి, పది బిళ్ళలు కత్తిరించి చేతిలో పెట్టింది.

గుండెలో వాల్వు ఉన్నవాడికి పెద్దాసుపత్రిలో ఇచ్చే బిళ్ళ ఏమై ఉంటుందో తీరిగ్గా కూర్చుంటే ఆమెకి తట్టకపోదు. రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే బిళ్ళ. దాని మీద నొప్పి బిళ్ళ పడితే కడుపులో పుండు పడి, ఆ పలచబడిన రక్తం ఆగమన్నా ఆగదు.

సూదమ్మ లేచింది. మందుల బీరువాకి తాళం వేసి, ఆ తాళంచెవి తాత ఒళ్ళో పడేసింది.

"డాక్టరుగారు ఫోను చేస్తే ఏం చెప్పమంటావమ్మా? డ్యూటీ మధ్యలో వదిలేసి పోతున్నావు."

"పెద్దాసుపత్రికి వెళ్ళిందని చెప్పు. ఎందుకని అడిగితే, చేసిన పొరపాటు చెప్పుకోటానికని చెప్పు."

ఆటో వెనక రంగు డబ్బాల మధ్య ఎక్కి, మేస్త్రీ తల ఒళ్ళో పెట్టుకుంది.

* * *

చిన్నాసుపత్రికీ పెద్దాసుపత్రికీ మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లు. ఆటో పావుగంటలో చేరింది. క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. నిన్న పొద్దున ఎక్కిన డ్యూటీ ఇంకా దిగలేదని కళ్ళే చెబుతున్నాయి.

"పాత నంబరు చెప్పండి. కార్డుందా?"

కాజాల వదిన బిక్కమొహం వేసింది. కార్డు పోయినసారి రక్తపరీక్షకి వచ్చినప్పుడు కౌంటర్లో తీసుకున్నారు. ఆ పరీక్ష సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. పొద్దున ఎనిమిదిలోపు రక్తమివ్వాలి. రిపోర్టు మూడింటికి వస్తుంది. అది చూసి బిళ్ళ ఎంత వేసుకోవాలో చెప్పే డాక్టరు రెండింటికే వెళ్ళిపోతాడు. కాబట్టి మర్నాడు మళ్ళీ రావాలి. మేస్త్రీ కూలి రోజుకి ఏడువందలు. ఒక్క అంకె తెలుసుకోటానికి రెండు రోజుల కూలి. పదిహేను రోజులకోసారి వెళ్ళాల్సినవాడు నెలకోసారి వెళ్ళాడు. తర్వాత రెండు నెలలకోసారి. ఆఖరిసారి రక్తమిచ్చి వచ్చి, మర్నాడు వెళ్ళలేదు. ఇట్లా పనికి రాకపోతే పూర్తిగా మానెయ్యమంటానని కాంట్రాక్టరు అన్నాడట.

"డాక్టరుగారూ," అంది సూదమ్మ. "ఆయనకి గుండెలో వాల్వుంది. రక్తం పలచబరిచే బిళ్ళ వాడుతున్నాడు. నాలుగు రోజులుగా దాని మీద నొప్పి బిళ్ళలు కూడా పడ్డాయి."

"ఎవరిచ్చారు నొప్పి బిళ్ళలు?"

"నేనే."

డాక్టరమ్మ తలెత్తి ఆమె తెల్లచీర వంక, కొంగుకి గుచ్చిన పేరుబిళ్ళ వంక చూసింది. "సరే. ఏది పడిందో తెలిసింది, సగం పని తప్పింది. ఆయన పాత ఫైలు తీసుకురాగలరా? వాల్వు ఏ రకమో, ఆఖరి పరీక్షలో రక్తం ఎంత పలచగా ఉందో చూడాలి. మా దగ్గర పంపటానికి మనిషి లేడు."

సూదమ్మ పరుగులాంటి నడకతో రికార్డు గదికి వెళ్ళింది. నేలమాళిగలో దీపం వెలుగున గుమాస్తా ఒక్కడే అన్నం డబ్బా విప్పుకుంటున్నాడు. సంగతి చెప్పగానే డబ్బా మూసేసి లేచాడు. నంబరు లేకుండా, ఆపరేషను నెలని బట్టి, ఇరవై నిమిషాల్లో ఫైలు వెతికి తీశాడు.

ఆమె అక్కడే నిలబడి తిప్పింది. డిశ్చార్జి కాగితం మూడు ప్రతులు. ఒకటి ఆసుపత్రిది. రెండోది రోగిది. దాన్ని మొదటి పరీక్షకొచ్చినప్పుడే కౌంటర్లో తీసుకుని ఫైల్లో కుట్టేశారు. మూడోది గులాబీరంగు కాగితం, నెత్తిన అచ్చులో "చిన్నాసుపత్రికి ఒక ప్రతి" అని ఉంది. దాన్ని చింపను కూడా చింపలేదు. కింద డాక్టరెవరో నిదానంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. నొప్పి మందులు ఇవ్వరాదు. పదిహేను రోజులకొకసారి రక్తపరీక్ష తప్పనిసరి. చిన్నాసుపత్రిలోనే రక్తం తీసి సీసా పంపినా చాలు, రోగి రానవసరం లేదు.

ఆఖరి వాక్యం ఆమె రెండుసార్లు చదివింది. రానవసరం లేదు. రెండేళ్ళు ఆ మనిషి పనులు మానుకుని ఇక్కడ నిలబడ్డాడు. అక్కడ ఆమె బల్ల మీద సూదులూ సీసాలూ ఉన్నాయి. రోజుకి పదిమందికి రక్తం తీస్తూనే ఉంది.

"ఇది నాకు రావాల్సిన కాగితం," అంది.

"ఇదొక్కటేనా అమ్మా," అన్నాడు గుమాస్తా. గోడ పక్కన బీరువా మీద, బీరువా కింద, గోడ గూట్లో గులాబీరంగు కట్టలు చూపించాడు. "ఇవన్నీ చిన్నాసుపత్రులకి పోవాల్సినవే. ఒకప్పుడు సైకిలు మీద పంచే మనిషుండేవాడు. ఆయన రిటైరయ్యాక పోస్టు ఎత్తేశారు. తపాలాకి డబ్బు మంజూరు లేదు. పారెయ్యటానికి నాకు చేతులు రాలేదు. వార్డు ప్రకారం కట్టలు కట్టి ఉంచుతున్నాను, ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని."

"మా వార్డుది ఇవ్వండి."

"నువ్వడిగావు, సంతోషం. కానీ పై నుంచి ఆర్డరు లేకుండా కాగితం గది దాటిస్తే నా ఉద్యోగం దాటిపోతుంది తల్లీ."

వాదించే వ్యవధి లేదు. మేస్త్రీ ఫైలు మాత్రం చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

సాయంత్రానికి రక్తం ఆగింది. మూడు సీసాలు ఎక్కించారు. వార్డు బయట సిమెంటు అరుగు మీద కాజాల వదిన పక్కన కూర్చుంది సూదమ్మ.

"వదినా. ఆ బిళ్ళలు నేనివ్వకూడదు. గుండె జబ్బు మందు వాడుతున్నానని చెప్పాడు. కనుక్కోకుండా ఇచ్చాను."

కాజాల వదిన మెడలోని టేపు తీసి, చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"వద్దు, కడుపులో మండుతోంది అన్నాడు మొన్న. సూదమ్మ ఇచ్చింది, మానకూడదని నోట్లో పెట్టి నీళ్ళు పోశాను," అంది చివరికి. "నువ్వు తెలియక ఇచ్చావు. నేను తెలియక వేశాను. మరి తెలిసినవాళ్ళెక్కడున్నారమ్మా? ఇంత పెద్ద ఆసుపత్రి కట్టారే."

అని, కొంచెం జరిగి కూర్చుంది. ఎంతో దూరం కాదు. ఒక మనిషి కూర్చునేంత. ఆ ఖాళీ చూసి సూదమ్మకి, తిట్టినా బావుండేదనిపించింది.

* * *

ఆరో రోజున మూడురోజుల డాక్టరు జనాన్ని పంపించేశాక ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు. మంచివాడు. ఎవరినీ ఏమీ అనడు, ఎవరితోనూ ఏమీ అనిపించుకోడు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు.

"పెద్దాసుపత్రిలో విచారణ పెట్టారు. నివేదిక తయారైపోయింది. రేపు వెళ్ళి సంతకం పెట్టి రావటమే."

ఆమె చదివింది. రోగి తాను వాడుతున్న మందుల వివరాలు నర్సుకు తెలియజేయలేదు. రోగి పరీక్షలకు సక్రమంగా హాజరు కాలేదు. రోగి నిర్లక్ష్యమే కారణమని నిర్ధారణ అయినది.

"ఆయన చెప్పాడు సార్. రిజిస్టరులో రాశాను కూడా."

"పె.ఆ. అని రెండు ముక్కలు రాశావు. దానికి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకోవచ్చు." ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, ఈ కాగితంలో నీ పేరు లేదు, నా పేరు లేదు, వాళ్ళ పేరూ లేదు. అందరం ఒడ్డున పడతాం."

"ఆయనో?"

"ఆయన్నేం చేస్తారు? ఉద్యోగమా పీకటానికి?"

ఉద్యోగం లేదు, నిజమే. కానీ ఇళ్ళు కట్టే కూలీలకి సంక్షేమ నిధి ఒకటుంది. జబ్బుపడి మంచమెక్కితే మూడు నెలలు సగం కూలి ఇస్తుంది. స్వయంకృతాపరాధం అని ఆసుపత్రి రాసిస్తే పైసా ఇవ్వదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. మేస్త్రీ ఇప్పుడప్పుడే నిచ్చెనెక్కలేడని కూడా తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. ఆరేసిన బట్టలు తీసి, మడతపెట్టకుండా మళ్ళీ దండెం మీదే వేసింది. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త చేతులకంటిన గ్రీజు రుద్దుకుంటూ చూసి చూసి అడిగాడు.

"కూర్చుని చెప్పరాదూ? గది కొలుస్తున్నావా ఏంటి?"

చెప్పింది. అతను గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా సబ్బు రుద్దాడు.

"సంతకమే కదా అందామనుకున్నా," అన్నాడు. "మా డిపోలో ఓసారి బ్రేకు పట్టక బస్సు గోడకెక్కింది. కొత్త బ్రేకు లైనింగులు కావాలని మూడు నెలల ముందు నుంచీ అడుగుతున్నాం. రాలేదు. చివరికి డ్రైవరు తప్పని రాసుకొచ్చారు. ఐదుగురం సంతకాలు పెట్టాం. అతను ఇప్పుడు కూరగాయల మార్కెట్టులో మూటలు మోస్తున్నాడు. కనిపిస్తే నేనే పక్క సందులోకి తిరిగిపోతా."

"ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదే."

"చెప్పుకునేదా అది?" తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "పెట్టమనీ అనను, వద్దనీ అనను. నీ జీతం పోతే ఇల్లు గడవటం కష్టం. అది మాత్రం అబద్ధం కాదు."

* * *

సూపరింటెండెంటు గది విశాలంగా, చల్లగా ఉంది. బల్లకి ఆ పక్కన ఆయన, ఈ పక్కన ఇద్దరు అధికారులు, మూలగా మూడురోజుల డాక్టరు. సూదమ్మకి చివరి కుర్చీ చూపించారు. ఆమె అంచు మీద కూర్చుంది. కాగితమూ, మూత తీసిన పెన్నూ ఆమె ముందుకొచ్చాయి.

"నేను పెట్టలేనండి," అంది.

"కళ్ళజోడు మర్చిపోయారా?" అన్నాడు ఒక అధికారి.

"చదివానండి. అది నిజం కాదు. మేస్త్రీ నాకు చెప్పాడు. నేను కనుక్కోకుండా ఇచ్చాను. అది నా తప్పు, అట్లాగే రాయండి, సంతకం పెడతాను. కనుక్కుందామంటే నా దగ్గర కాగితం లేదు. ఆ కాగితం రెండేళ్ళుగా మీ రికార్డు గదిలో ఉంది. అది కూడా రాయండి."

సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు. రోజుకి రెండువేలమంది వచ్చే ఆసుపత్రిని ఎనిమిది వందల మందికి సరిపడా మనుషులతో నెట్టుకొస్తున్నవాడు. తలనొప్పి వచ్చినవాడిలా కణతలు నొక్కుకున్నాడు.

"పంపటానికి మనిషి లేడమ్మా. పోస్టు కోసం నాలుగుసార్లు రాశాను. నన్నేం చెయ్యమంటారు?"

"ప్రతి సోమవారం మీ మందుల బండి మా దగ్గరికి వస్తుంది సార్. పెట్టెలు దింపి ఖాళీగా వెనక్కి పోతుంది. కాగితాలు ఆ బండిలో పడెయ్యొచ్చు. వెళ్ళేటప్పుడు రక్తం సీసాలు మేమిస్తాం. సోమవారం ఒక్కరోజూ చాలకపోతే ఇంకో రోజు రమ్మనండి. మా వార్డులో ఇట్లాంటి గుండె రోగులు ఎంతమందున్నారో నాకు తెలీదు సార్. మీకు తెలుసు. కానీ ఇంటి నంబర్లు నాకు తెలుసు, మీకు తెలీదు."

"ఆ బండి స్టోర్సు వాళ్ళది," అన్నాడు రెండో అధికారి. "వేరే శాఖ. దాంట్లో రోగుల కాగితాలు, రక్తం వేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

"మనిషి రక్తం కక్కుకుంటే ఏ శాఖకి అభ్యంతరం రాలేదు కదండీ."

అనేశాక ఆమెకే భయమేసింది. మూలన మూడురోజుల డాక్టరు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం మాత్రం వెనక నుంచి కనిపించింది.

"మీరు చెప్పినట్టు రాస్తే," అన్నాడు సూపరింటెండెంటు నెమ్మదిగా, "ముందు పడేది మీ మీదే. తెలుసా?"

"తెలుసు సార్. పడనివ్వండి. అక్కడే ఆగిపోకుండా చూడండి చాలు."

పెన్ను మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి లేచింది.

మర్నాటికే ఉత్తర్వు వచ్చింది. విచారణ తేలేవరకు సదరు నర్సు రోగులకు ఏ మందూ ఇవ్వరాదు. గాయాలకు కట్లు, టీకాలు, తూకాలు మాత్రమే. బీరువా తాళంచెవి డాక్టరు దగ్గర ఉండాలి. అంటే డాక్టరు రాని మూడు రోజులూ జ్వరం బిళ్ళ కూడా లేదన్నమాట. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆ పోటు తన మీదే పడితే ఓర్చుకునేది. పడింది వరండా మీద. అలాంటి రోజుల్లో జనం వచ్చి, చీటీల తాతతో గొడవపడి వెళ్ళిపోయారు. కొందరు ఆమె మొహం మీదే అన్నారు. "నీ నిజాయితీ మాకు దగ్గు తగ్గిస్తుందా అమ్మా?" అందొక ముసలావిడ. సూదమ్మ గుడ్డపేలికలు కత్తిరిస్తూ కూర్చుంది.

* * *

రంగుల మేస్త్రీని పదో రోజున ఇంటికి పంపించారు. ఆ మర్నాడు డాక్టరు రాని రోజు. అయినా వరండాలో పదిహేనుమంది దాకా ఉన్నారు. కట్లవాళ్ళు కొందరు, టీకాల తల్లులు కొందరు, తాళం తీస్తారేమోనని ఆశ చావనివాళ్ళు కొందరు.

కాజాల వదిన వరస చూడకుండా నేరుగా లోపలికొచ్చింది. వెనకే మేస్త్రీ, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు వేస్తూ. ఆమె సూదమ్మని పలకరించలేదు. చేతిసంచీ బోర్లించి బల్ల మీద కుమ్మరించింది. బిళ్ళల అట్టలు, కాగితం పొట్లాలు, ఒక డిశ్చార్జి చీటీ.

"మందులివ్వకూడదటగా నువ్వు," అంది. "ఇవ్వద్దు. నాకు ఒక్కటి చెప్పు. ఇందులో ఏది బతికించేది, ఏది చంపేది? ఈసారి తెలియకుండా నేను నోట్లో పెట్టను."

సూదమ్మ అట్టలు ఒక్కొక్కటే వెలుతురికి పట్టుకుని చదివింది. కడుపులో పుండుకి ఒకటి. రక్తం పట్టటానికి ఒకటి. ఇంట్లో మిగిలిన పాత గుండె బిళ్ళ అట్ట ఒకటి. నిన్న పెద్దాసుపత్రిలో ఇచ్చిన కొత్త అట్ట ఒకటి, వేరే పేరు, వేరే రంగు. చీటీలో కొత్త మందుల కింద ఒక గీత గీసి, "పాత మందులు కొనసాగించాలి" అని ఉంది.

"ఇవి రెండూ వేసుకోమన్నారా వదినా?"

"చీటీలో ఉన్నట్టు వాడమన్నారు. అడిగితే, రాసి ఉంది కదా అన్నారు."

ఆమె రెండు అట్టలూ పక్కపక్కన పెట్టింది. అది కూడా రక్తం పలచబరిచేదేనేమో. కంపెనీ మారి పేరు మారిందేమో. అదే అయితే మేస్త్రీ రెండింతలు మింగినట్టు. కాకపోతే, పాతది మానేస్తే గుండెలో వాల్వు దగ్గర రక్తం గడ్డకడుతుంది. అవుననుకుంటే ఒక ప్రమాదం, కాదనుకుంటే ఇంకో ప్రమాదం. పద్దెనిమిదేళ్ళలో ఆ కుర్చీలో కూర్చుని ఎవరి ముందూ అనని మాట అంది.

"నాకు తెలీదు."

వరండాలో ముందు నిలబడ్డవాళ్ళు గుమ్మంలోకి తొంగిచూశారు.

"నాకు తెలీదు వదినా. కనుక్కుంటాను. కనుక్కునేదాకా రెండూ ముట్టుకోకండి, ఇక్కడే కూర్చోండి. అన్నయ్యకి ఆ కుర్చీ ఇవ్వు తాతా."

ఉత్తర్వులో మందు ఇవ్వరాదని ఉంది. అడగరాదని ఎక్కడా లేదు. చీటీ కింద అచ్చువేసిన నంబరు చూసి బల్ల మీద ఫోను తీసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరో ఎత్తి, ఏ విభాగమో విని, ఇది కాదని పెట్టేశారు. మళ్ళీ చేసింది. కట్టు కోసం వచ్చిన కుర్రాడొకడు తన వంతు వచ్చినా లేవకుండా చూస్తున్నాడు. దగ్గు ముసలావిడ కొంగు ముడి విప్పి, అందులోంచి రెండు నలిగిన బిళ్ళలు తీసి అరచేతిలో పెట్టుకుంది.

"నావి కూడా అడుగుతావా అమ్మా? నాలుగేళ్ళ నుంచి మింగుతున్నా. ఎందుకో ఎవరూ చెప్పలేదు."

ఆమె వెనకాల ఇంకొకరు సంచీ విప్పుకుంటున్నారు. ఆ వెనకాల ఇంకొకరు.

ఏడోసారికి అవతల మనిషి గొంతు వినిపించింది.

"ఎవరూ? ఎక్కడ్నించి?"

"చిన్నాసుపత్రి నుంచండి. నిన్న మీరు పంపించిన గుండె రోగి నా ఎదురుగా ఉన్నాడు. ఆయన మందుల సంగతి డాక్టరుగారితో మాట్లాడాలి."

"డాక్టరుగారు రౌండ్లలో ఉన్నారు. చిన్నాసుపత్రులతో ఫోనులో మాట్లాడే పద్ధతి లేదమ్మా ఇక్కడ."

"నేను పెట్టెయ్యను."

అవతల నిట్టూర్పు. "సరే, లైన్లో ఉండండి."

రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, సూదమ్మ చేత్తో మైకు మూసింది.

"లైన్లో ఉండమంటున్నారు," అని చెప్పింది కాజాల వదినకి.

"ఉన్నాం కదా, పొద్దున్నించీ," అన్నాడు గుమ్మం దగ్గర్నించి తాత.

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. ఫోనులో ఎక్కడో చాలా దూరంగా బండి చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. కాజాల వదిన రెండు అట్టలూ చెరో చేత్తో పట్టుకుని నిలబడే ఉంది.